1.1.1.1 డీఎన్ఎస్: స్పీడ్ కోసమైతే వద్దు

‘ఈ ఒక్క సెట్టింగ్ మారిస్తే నెట్ డబుల్ స్పీడ్’ అని వీడియోల్లో ఊదరగొట్టేది ఎక్కువగా క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ నడిపే 1.1.1.1 డీఎన్ఎస్ గురించే. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో 1.1.1.1 పెట్టినా డౌన్‌లోడ్ ఆ 100 దాటదు. డీఎన్ఎస్ పని సైటు పేరు అడిగితే దాని నంబరు (ఐపీ చిరునామా) చెప్పడం వరకే. ఆ జవాబు కొన్ని మిల్లీసెకన్లు ముందొస్తే పేజీ కాస్త చురుగ్గా తెరుచుకుంటుంది, అంతే.

క్లౌడ్‌ఫ్లేర్ దీన్ని 2018 ఏప్రిల్ 1న ఉచితంగా మొదలుపెట్టింది. అమెరికా వాళ్ల తేదీ లెక్కలో 4/1, అంటే నాలుగు ఒకట్లు! పెట్టుకోవడానికి అసలు కారణం గోప్యత. పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్ఎస్ రూపొందించినప్పుడు ప్రశ్న, జవాబు రెండూ పోస్టుకార్డు మీద రాతల్లా బాహాటంగా వెళ్లేవి. మామూలు డీఎన్ఎస్‌లో ఇప్పటికీ అంతే. 1.1.1.1 ఆ కార్డును అంటించిన ఇన్‌లాండ్ కవరుగా మార్చగలదు, కానీ మీరు సరిగ్గా పెడితేనే. రౌటర్‌లో ఉత్త నంబరు కొట్టి ఊరుకుంటే పోస్టుకార్డు అలాగే ఉంటుంది, చేరే ఇల్లు మాత్రం మారుతుంది. ఇంకో మాట: కవరు అంటించినా, ఆ తర్వాత సైటుకు కనెక్ట్ అయ్యేటప్పుడు దాని పేరు చాలాసార్లు బయటికే కనిపిస్తుంది. నెట్ కంపెనీకి ఏమీ తెలియదనుకోవద్దు.

ఆండ్రాయిడ్ 9, ఆపై ఫోన్లలో యాప్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అని వెతికి, హోస్ట్‌నేమ్ గడిలో ఇంగ్లిష్ ‘వన్’ అనే పదాన్ని నాలుగుసార్లు, మధ్యలో చుక్కలతో, ఖాళీ లేకుండా చిన్నక్షరాల్లో కొట్టాలి. అక్కడ 1.1.1.1 అని అంకెలు కొడితే తీసుకోదు. చిక్కు ఎక్కడంటే, ఇది 853 పోర్టు (నెట్‌లో ఈ పనికి కేటాయించిన ద్వారం నంబరు) మీద నడుస్తుంది. ఆఫీసు వైఫైలో ఆ పోర్టు మూసేస్తే నెట్ మొత్తం ఆగిపోతుంది. రైల్వే స్టేషన్ వైఫైలాంటి చోట లాగిన్ పేజీయే రాకపోవచ్చు. అప్పుడు ‘ఆటోమేటిక్’కు మార్చి, పని అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి.

రౌటర్‌లో పెట్టేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఐపీవీ6ను (కొత్త తరహా పొడవాటి ఐపీ చిరునామాల పద్ధతి) మర్చిపోవడం. రౌటర్ ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో 1.1.1.1 రాసినా, ఐపీవీ6 దారిలో నెట్ కంపెనీ డీఎన్ఎస్ అలాగే ఉంటే ఫోన్లు దాన్నే అడుగుతుంటాయి. అక్కడ 2606:4700:4700::1111 కొట్టాలి. మార్చాక ప్రతి ఫోనులో వైఫై ఒకసారి ఆపి వేయాలి, లేకపోతే పాత చిరునామాయే పట్టుకుని ఉంటుంది. కొన్ని ఫైబర్ డబ్బాల్లో ఈ గడి తాళం వేసి ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కో ఫోనులో మార్చుకోవడమే.

రౌటర్‌లో రెండో డీఎన్ఎస్ గడిలో చాలామంది 1.0.0.1 రాస్తారు. అది కూడా క్లౌడ్‌ఫ్లేర్‌దే! 2025 జులై 14న కంపెనీ సొంత కాన్ఫిగరేషన్ పొరపాటు వల్ల రెండూ కలిసి గంటకు పైగా పడిపోయాయి. కాబట్టి రెండోది 9.9.9.9 (క్వాడ్9 సంస్థది) లేదా 8.8.8.8 (గూగుల్‌ది) పెట్టండి.

వీడియోలు బఫర్ అవుతుంటే ఒక తేడా గమనించాలి. మీరు ఏ నెట్‌వర్క్ నుంచి అడుగుతున్నారో 1.1.1.1 అవతలి సైటుకు చెప్పదు. గోప్యతకు మంచిదే గానీ, కొన్ని సైట్లు దగ్గరి సర్వర్ బదులు దూరపుది అంటగడతాయి. 8.8.8.8 ఆ వివరం కొంత పంపుతుంది. రెండు రోజులు దాంతో నడిపి పోల్చి చూడండి.

పిల్లలున్న ఇంటికి 1.1.1.3 ఉంది. మాల్వేర్ సైట్లనూ పెద్దల సైట్లనూ ఆపుతుంది. రౌటర్‌లో అది పెట్టినప్పుడు రెండో గడిలో 8.8.8.8 రాస్తే వడపోతకు చిల్లు పడినట్టే, అక్కడ 1.0.0.3 ఉండాలి. పిల్లాడి ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ వేరేది ఉంటే రౌటర్‌ది అసలు పనిచేయదు, ముందు అది చూడండి.