జిమ్ గ్రే దారి, స్టోన్‌బ్రేకర్ దారి

డేటాబేస్ పరిశోధనకు కంపెనీ ల్యాబ్ మంచిదా, యూనివర్సిటీ మంచిదా అంటే నాకు ఇద్దరు గుర్తొస్తారు. ఇద్దరికీ కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది: జిమ్ గ్రేకి 1998లో, మైకేల్ స్టోన్‌బ్రేకర్‌కి 2014లో.

గ్రే 1969లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. ఆ తర్వాత కంపెనీల్లోనే పనిచేశారు: ఐబీఎం, ఆగకుండా నడిచే కంప్యూటర్లు తయారుచేసిన టాండెమ్, చివరికి మైక్రోసాఫ్ట్. మీ బ్యాంకు ఖాతా ఒక సర్వర్‌లో, డబ్బు అందుకునేవారి ఖాతా ఇంకో సర్వర్‌లో ఉన్నాయి; మీ ఖాతాలో వెయ్యి రూపాయలు కట్ అయ్యాక, అవతలి ఖాతాలో పడేలోపు ఒక సర్వర్ ఆగిపోయిందనుకోండి. ఎంత టెన్షన్! అందుకే రెండు సర్వర్లనూ ముందు ‘సిద్ధమేనా?’ అని అడగాలి. రెండూ సరేనంటేనే లెక్క ఖాయం, ఒక్కటి కాదన్నా రెండు చోట్లా రద్దు. ఈ రెండు దశల కమిట్ పద్ధతిని ఆయన 1978లోనే వివరంగా రాశారు. టాండెమ్‌లో ఉండగా, కస్టమర్ల దగ్గర ఆగిపోయిన సిస్టమ్‌ల రిపోర్టులు పరిశీలించి, హార్డ్‌వేర్ కన్నా నిర్వహణలో పొరపాట్లు, సాఫ్ట్‌వేర్ తప్పులే పెద్ద కారణమని 1985లో చూపారు. అలాంటి రిపోర్టులు ప్రొఫెసర్ టేబుల్ మీదికి అంత సులువుగా రావు.

స్టోన్‌బ్రేకర్ బర్కిలీలో విద్యార్థులతో కలిసి 1970లలో ఇంగ్రెస్, 1986 నుంచి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సిస్టమ్‌లు కట్టారు. తర్వాత ఎంఐటీకి వెళ్లారు, వరుసగా కంపెనీలూ పెట్టారు. యూనివర్సిటీ కోడ్ బయటికి వచ్చింది కాబట్టే, పోస్ట్‌గ్రెస్ నుంచి పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను ఇవాళ ఎవరైనా ఉచితంగా వాడుకోగలుగుతున్నారు.

పంపిణీ వ్యవస్థలు, అంటే చాలా సర్వర్లు కలిసి నడిపే సిస్టమ్‌లు, ఎలా కూలతాయో తెలుసుకోవాలంటే నా ఓటు గ్రే దారికే. సొంత సిస్టమ్ మొదటి లైను నుంచి రాయాలనుంటే మాత్రం యూనివర్సిటీకే వెళ్లండి.