స్లీప్ ఆప్నియాకు కొలిచి చేసే పళ్ల ప్లేట్లు: ఏ రకం మంచిది, ఎక్కడ తేడా కొడుతుంది

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస మాటిమాటికీ ఆగడం. దీనికి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్కును నాలుగు వారాలు ప్రయత్నించి అటకెక్కించినవాళ్లకు డాక్టర్లు చెప్పే రెండో దారి నోట్లో పెట్టుకునే ప్లేటు. పైపళ్లకు ఒకటి, కిందిపళ్లకు ఒకటి ఉంటాయి. రెండూ కలిసి కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు తెచ్చి రాత్రంతా అక్కడే పట్టి ఉంచుతాయి. దవడతో పాటు నాలుక మొదలు కూడా ముందుకొస్తుంది, గొంతు వెనక గాలిదారి తెరుచుకుంటుంది. సూత్రం ఇంతే. అయితే ఫలితాన్ని తేల్చేది ప్లేటు మీది బ్రాండు పేరు కాదు. కొలత ఎలా తీశారు, తర్వాత ఎలా సర్దారు, చివర్న మళ్లీ పరీక్ష చేశారా లేదా అన్నవే తేలుస్తాయి.

ముందు ఆన్‌లైన్‌లో దొరికే రకం సంగతి. వేడినీళ్లలో మెత్తబరిచి, కొరికి అచ్చు చేసుకునే ప్లేటుకు మా ఓటు లేదు. లావుగా ఉంటుంది, పట్టు సరిగా ఉండదు, అర్ధరాత్రి ఊడి దిండు మీద పడుతుంది. దవడ ఎంత ముందుకు వచ్చిందో మిల్లీమీటరు లెక్కన సర్దే వీలు చాలావాటిలో ఉండదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2015లో దంతవైద్యుల అకాడమీతో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కొలిచి చేసినదీ, సర్దుబాటుకు వీలున్నదీ వాడమనే చెప్పాయి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఈ0486 కోడు కింద డబ్బు ఇవ్వాలంటే ప్లేటు 1 మిల్లీమీటరు లేదా అంతకన్నా చిన్న మెట్లలో ముందుకు జరగాలి, నోట్లోంచి తీసినా ఆ సెట్టింగు చెదరకూడదు. హైదరాబాద్‌లో చేయించుకున్నా, డాలస్‌లో చేయించుకున్నా ఈ రెండూ అడిగి చూసుకోండి.

కొలిచి చేసే వాటిలో రెక్కల రకం మొదటి ఎంపిక. కింది ప్లేటు మీద రెండు పక్కలా నిలువు రెక్కలుంటాయి. అవి పై ప్లేటు అంచులకు ఆనుకుని దవడను వెనక్కి జారనివ్వవు. నోరు తెరవొచ్చు, నీళ్లు తాగొచ్చు, మాట్లాడొచ్చు. హెర్బ్‌స్ట్ రకంలో రెండు పక్కలా గొట్టంలోకి జారే లోహపు కడ్డీలుంటాయి. గట్టి సరుకే గానీ బుగ్గ లోపల ఒరుసుకుంటుంది. ముందుపళ్ల దగ్గర ఒకే కొక్కెం ఉండే రకంలో దవడను ముందుకు జరిపే స్క్రూ ఒక్కటే కాబట్టి కుడి ఎడమల తేడా వచ్చే ప్రశ్నే లేదు. కాకపోతే పెదవులు సరిగా మూసుకోవు, పొద్దున నోరు ఎండిపోతుంది. త్రీడీ ప్రింటింగ్‌లో నైలాన్‌తో చేసే సన్నటి రకం నోట్లో అన్నిటికన్నా తేలిక, కానీ పళ్ల ఆకారం తర్వాత కాస్త మారినా దాన్ని సరిచేయడం కష్టం. రాత్రి పళ్లు నూరేవాళ్లకు పల్చటి రెక్కలు విరుగుతాయి, ఆ సంగతి డెంటిస్టుకు ముందే చెప్పాలి.

అసలు పని కొలత దగ్గరుంది. చాలా చోట్ల జార్జ్ గేజ్ అనే చిన్న పరికరం వాడతారు. పైపళ్లు, కిందిపళ్లు దాని గాళ్లలో కూర్చుంటాయి, పక్కన మిల్లీమీటరు స్కేలు ఉంటుంది. దవడను పూర్తిగా వెనక్కి లాగితే మైనస్ 3, పూర్తిగా ముందుకు చాపితే ప్లస్ 7 వచ్చిందనుకోండి. మొత్తం కదలిక 10 మిల్లీమీటర్లు. 60 శాతం దగ్గర మొదలుపెట్టాలంటే వెనక చివర నుంచి 6 మిల్లీమీటర్లు, అంటే స్కేలు మీద ప్లస్ 3. జరిగే పొరపాటు ఇక్కడే. సున్నా నుంచి లెక్కేసి 7లో 60 శాతం, అంటే 4.2 దగ్గర బిగిస్తారు. ఆ 1.2 మిల్లీమీటర్ల తేడాకే చెవి ముందున్న దవడ కీలు సలుపుతుంది, నాలుగో రోజుకు ప్లేటు డబ్బాలోకి పోతుంది. మొదలు 50 నుంచి 70 శాతం మధ్య ఉంటే చాలు, మిగతాది తర్వాత నెమ్మదిగా తెచ్చుకోవచ్చు. పైకీ కిందికీ మధ్య ఎత్తు కూడా చూడాలి. ప్లేటు మరీ మందమైతే నోరు తెరుచుకుని దవడ కిందికీ వెనక్కీ తిరుగుతుంది, ముందుకు తెచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది.

పళ్ల అచ్చులో చివరి దంతం దాకా రావాలి. చిగురు అంచు దగ్గర గాలిబుడగ ఉంటే ప్లేటు అక్కడ వదులవుతుంది. పిప్పిపళ్లు, క్యాపులు, చిగుళ్ల వైద్యం ఏదున్నా అచ్చుకు ముందే ముగించండి. ప్లేటు వచ్చాక ఒక్క కొత్త క్యాపు వేసినా అది ఎక్కదు.

ఇచ్చిన రోజు కుర్చీలోనే పరీక్షించండి. వేళ్లతో నొక్కి ఎక్కించాలి, కొరికి ఎక్కిస్తే పగుళ్లు వస్తాయి. చివరి దంతాల మీద ఒక పక్క నొక్కితే రెండో పక్క లేవకూడదు. నోరు బాగా తెరిచినా ఊడకూడదు. ఏదో ఒక పన్ను మీద బిగువు ఎక్కువుంటే అక్కడే లోపల కాస్త అరగదీయించుకోండి, ‘అలవాటైపోతుందిలే’ అంటే ఒప్పుకోకండి.

మొదటి ఒకటి రెండు వారాలు స్క్రూ ముట్టుకోకూడదు. తర్వాత ఇచ్చిన చిన్న కీతో తిప్పాలి. ఒక మెట్టుకు ఎంత జరుగుతుందో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ అంకెను కాగితం మీద రాయించుకోండి. వారానికి అర మిల్లీమీటరు మించకపోవడం మంచిది. స్క్రూలు రెండుంటే రెండు పక్కలా సమానంగా తిప్పడం తప్పనిసరి. ఒక పక్క రెండు మెట్లు ఎక్కువైతే దవడ వంకరగా నిలిచి ఒక కీలే నొప్పి పుడుతుంది. తేదీ, కుడి మెట్లు, ఎడమ మెట్లు, పొద్దున నొప్పి ఉందా, గురక ఉందా అని ఒక చీటీలో రాసుకోండి. గురక ఉందో లేదో పక్కన పడుకునేవాళ్లే చెప్పాలి. నొప్పి మొదలైతే రెండు మెట్లు వెనక్కి తిప్పి వారం ఆగండి.

గురక ఆగింది కదా అని అక్కడితో వదిలేస్తారు, ఇదే అన్నిటికన్నా పెద్ద తప్పు. గురక పోయి కూడా శ్వాస ఆగడం మిగిలి ఉండొచ్చు. సర్దుబాటు ముగిశాక ప్లేటు నోట్లో పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి. ఏహెచ్‌ఐ, అంటే గంటకు శ్వాస ఆగిన లేదా తగ్గిన సార్లు, 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 28 ఉన్నది 8కి వస్తే మంచి ఫలితమే, రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోతోందో కూడా చూడాలి. 28 కాస్తా 19 దగ్గర ఆగితే ప్లేటు ఒక్కటే సరిపోలేదని అర్థం. ఏహెచ్‌ఐని దించడంలో సీప్యాప్‌దే పైచేయి. ప్లేటుకున్న బలం జనం దాన్ని రాత్రిలో ఎక్కువ గంటలు పెట్టుకోవడం. వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువ ఆగేవాళ్లకు, స్వల్ప, మధ్యస్థ స్థాయి వాళ్లకు బాగా నప్పుతుంది. మెదడు నుంచి సంకేతం రాక శ్వాస ఆగే సెంట్రల్ ఆప్నియాకు ఇది పనికిరాదు. పళ్లు కదులుతున్నవాళ్లకు, పట్టుకు సరిపడా పళ్లు లేనివాళ్లకు, దవడ ముందుకు 5 మిల్లీమీటర్లు కూడా రానివాళ్లకు వద్దు.

మొదట్లో చొంగ కారుతుంది, పళ్లు లాగినట్టుంటాయి, ఇవి కొన్ని వారాల్లో తగ్గుతాయి. పొద్దున ప్లేటు తీయగానే దవడపళ్లు కలవవు, ముందుపళ్లే తగులుతాయి. దీనికి ‘మార్నింగ్ గైడ్’ అనే చిన్న ముక్క ఇస్తారు. దాన్ని ముందుపళ్ల మధ్య పెట్టి, దవడపళ్లు మళ్లీ గట్టిగా కలిసేదాకా 10, 15 నిమిషాలు మెల్లగా కొరకాలి. పళ్ల మధ్య ఒక కాగితం ముక్క పెట్టి లాగి చూడండి, రెండు పక్కలా పట్టుకుంటే కలిసినట్టే. ఇది చేసినా ఏళ్లు గడిచేకొద్దీ పళ్ల అమరికలో కొంత మార్పు వస్తుంది, అందుకే ఏటా ఒకసారి డెంటిస్టుకు చూపించాలి.

కడగడానికి చల్లనీళ్లు, మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు చాలు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో వాసన చేరుతుంది. వేడినీళ్లు తగిలితే ప్లేటు వంగుతుంది. కీ పెట్టే రంధ్రంలో పాచి చేరితే స్క్రూ తిరగదు, అక్కడ బ్రష్షుతో రోజూ ఒక చుట్టు తిప్పండి. స్క్రూ తనంతట తనే వెనక్కి జారుతోందన్న అనుమానముంటే చీటీలోని మెట్లకూ, ప్లేటు మీది గీతకూ పొంతన చూసుకోండి.

బిల్లు కట్టేముందు సర్దుబాటు విజిట్లు, మార్నింగ్ గైడ్, రెండో కీ, రెక్క విరిగితే మరమ్మతు అందులో కలిపారో లేదో రాయించుకోండి. పళ్లకు స్కాన్ తీసి ఉంటే ఆ ఫైలు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ప్లేటు పోయినా విరిగినా, పళ్లు మారకపోతే, దానితోనే ల్యాబ్ మరొకటి చేయగలదు.