రూపానికి పేటెంటా, పనితీరుకు పేటెంటా?

ఫోన్ కాపీ కొట్టారని అమెరికాలో దావా వేసే కంపెనీకి పేటెంట్లలో రెండు దారులు: రూపాన్ని కాపాడే డిజైన్ పేటెంట్, పనితీరును కాపాడే యుటిలిటీ పేటెంట్. 2011లో శామ్‌సంగ్ మీద ఆపిల్ రెండూ వాడింది. 2018 మేలో జ్యూరీ పరిహారంగా తేల్చిన సుమారు 53.9 కోట్ల డాలర్లలో 53.3 కోట్లు డిజైన్లవే. యుటిలిటీ పేటెంట్లకు వచ్చింది 53 లక్షలు.

ఇంత తేడా ఎందుకంటే, పేటెంట్ చట్టం 289వ సెక్షన్ ప్రకారం డిజైన్ కాపీ చేసిన వస్తువు మీద వచ్చిన లాభమంతా రాబట్టవచ్చు. ఆ 'వస్తువు' ఫోన్ మొత్తమే కానక్కర్లేదు, అందులో ఒక భాగమూ కావచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

డిజైన్ పేటెంట్ బలమంతా దరఖాస్తులో ఇచ్చే బొమ్మలోనే ఉంటుంది. నిండు గీత గీసిందే మనది. చుక్కల గీత గీసింది హక్కులోకి రాదు. ఐఫోన్ ముందుభాగానికి తీసుకున్న 677 పేటెంట్‌లో హోమ్ బటన్ చుక్కల గీతే. కాబట్టి ఎదుటివాళ్లు బటన్ ఆకారం ఒక్కటే మార్చి తప్పించుకోలేరు. అన్నీ నిండు గీతలతో గీయిస్తే మాత్రం చిన్న తేడా చూపించి బయటపడతారు. దరఖాస్తులు దెబ్బతినే చోటు ఇది.

యుటిలిటీ పేటెంట్‌కు క్లెయిముల్లోని, అంటే దేనిమీద హక్కో చెప్పే వాక్యాల్లోని, మాటలే ఆధారం. జాబితా చివరికొచ్చాక తెర వెనక్కి ఎగిరే 381 పేటెంట్ విషయంలో శామ్‌సంగ్ ఆ ఎగురుడు తీసేసి అంచున నీలి వెలుగు పెట్టింది. సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు! అచ్చు పోసిన ఫోన్ రూపాన్ని అలా మార్చలేరు.

కాలపరిమితి యుటిలిటీకి దరఖాస్తు నుంచి 20 ఏళ్లు, మధ్యలో మూడుసార్లు ఫీజు. డిజైన్‌కు మంజూరు నుంచి 15 ఏళ్లు, మధ్యలో ఫీజు లేదు. రూపంతో అమ్ముడయ్యే వస్తువైతే ముందు డిజైనే తీసుకోవాలి.