హిల్ కంట్రీలో ఆర్వీ: స్టేట్ పార్కులో దిగితే మేలా, ఊళ్లోనా?

ఆస్టిన్ నుంచి ఆర్వీలో (పడక, వంట, స్నానం అన్నీ ఉన్న బండి) టెక్సస్‌లోని కొండల ప్రాంతం హిల్ కంట్రీకి బయల్దేరితే దిగడానికి రెండు మంచి చోట్లున్నాయి: జాన్సన్ సిటీ దగ్గరి పెడర్నాలిస్ ఫాల్స్ స్టేట్ పార్కు, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో లేడీ బర్డ్ జాన్సన్ మునిసిపల్ పార్కు. పిల్లలుంటే స్టేట్ పార్కే మేలు. చెట్ల నీడ, పక్కనే నది. ఒక్క జాగ్రత్త: ఎగువన వాన పడితే నది ఉన్నట్టుండి పొంగుతుంది. నీళ్లు బురదరంగుకు తిరిగాయంటే వెంటనే గట్టెక్కాలి.

స్టేట్ పార్కు సైట్‌లో (బండి నిలిపే చోటు) నీళ్లు, 30 ఆంప్స్ కరెంటు ఉంటాయి, డ్రైనేజీ ఉండదు. వాడిన నీళ్లు బండి ట్యాంకుల్లోనే ఆగుతాయి. ముందు నిండేది టాయిలెట్ ట్యాంకు కాదు, స్నానాల నీళ్లూ గిన్నెలు కడిగిన నీళ్లూ చేరే గ్రే ట్యాంకు. షవర్ నిమిషానికి 2 గ్యాలన్లు పోస్తే, నలుగురు తలా 5 నిమిషాలు స్నానం చేసేసరికి 40 గ్యాలన్లు. చాలా అద్దె బండ్లలో ట్యాంకు అక్కడికే నిండి, మురికినీళ్లు షవర్ అడుగునుంచి పైకి తన్నుతాయి. స్నానాలు పార్కు బాత్రూముల్లో కానివ్వండి. మూకుడు, పోపు గరిటె కాగితంతో తుడిచాకే కడగండి. జిడ్డు పేరుకుంటే ఖాళీ ట్యాంకును కూడా సెన్సర్ నిండుగా చూపిస్తుంది.

ట్యాంకులు ఖాళీ చేసే చోటైన డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్ (టాయిలెట్ ట్యాంకు) వాల్వ్ తెరవాలి, తర్వాత గ్రే. గొట్టం మొదట్లో లోపల కనిపించే ప్లాస్టిక్ ఎల్బో (వంపు ముక్క) పెట్టుకుంటే నీళ్లు తేటపడ్డాయో లేదో తెలుస్తుంది.

కరెంటు లెక్క: 120 వోల్టుల మీద 30 ఆంప్స్ అంటే 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, ఇండక్షన్ స్టవ్‌కు 1,800. వాటర్ హీటర్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చండి.

ఊళ్లో సైట్‌కే డ్రైనేజీ ఉంటుంది. అలాగని బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలేయకండి. నీళ్లు పోయి, గట్టిది అడుగున గుట్టపడుతుంది. మూడింట రెండొంతులు నిండాకే వదలాలి.

ఎన్‌చాంటెడ్ రాక్ అనే పెద్ద గ్రానైట్ కొండ చూడాలంటే మాత్రం ఊళ్లో దిగడమే మేలు. ఆ పార్కులో ఆర్వీలు రాత్రి ఉండనివ్వరు. ఫ్రెడరిక్స్‌బర్గ్ నుంచి సుమారు 18 మైళ్లు. పగటి ప్రవేశమూ ముందే బుక్ చేసుకోండి.

స్టేట్ పార్కు సైట్లు 5 నెలల ముందు నుంచే తీసుకోవచ్చు, వారాంతాలు తొందరగా అయిపోతాయి. మూడు రాత్రులుంటే మొదటి రెండూ పార్కులో, చివరిది ఊళ్లో పెట్టుకోండి. పొద్దున్నే సైట్‌లోనే ట్యాంకులు ఖాళీ చేసి బండి అప్పగించొచ్చు.