పాత పెంటియం 4పై హైకూ: ఒక సమీక్ష

హనుమకొండలోని మా ఇంట్లో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పెంటియం 4 కంప్యూటర్‌లో 512 ఎంబీ ర్యామ్, ఐడీఈ (పాతకాలపు వెడల్పాటి కేబుల్‌తో కలిపే) హార్డ్ డిస్క్ ఉన్నాయి. నేటి విండోస్ దానిపై ఎక్కదు. పేరున్న లినక్స్‌లలో చాలావరకు ఇలాంటి పాత తరం 32 బిట్ యంత్రాలను వదిలేశాయి. అలాంటి యంత్రానికి హైకూ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చక్కగా సరిపోతుందని నిస్సంకోచంగా చెప్పగలను. కానీ బూట్ చేయించడానికి ఓపిక కావాలి.

బీ అనే సంస్థ తయారుచేసిన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, 2001లో ఆ సంస్థ పామ్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లడంతో ఆగిపోగా, దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయాలని ఔత్సాహికులు అదే ఏడాది పూనుకున్నారు. ఆ కృషి ఫలితమే హైకూ. 2024లో వచ్చిన ఐదో బీటా (ప్రయోగాత్మక విడుదల)లోనూ 32 బిట్ ప్రతి ఉచితంగానే దొరుకుతోంది.

మా మదర్‌బోర్డు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు, హైకూ ఇన్‌స్టాల్ ఫైలు సీడీలో పట్టదు; అందుకని చౌరస్తా దగ్గరి పాత సామాన్ల దుకాణంలో ఐడీఈ డీవీడీ డ్రైవ్ తెచ్చి, దాని వెనక ఉండే జంపర్ అనే చిన్న క్లిప్పును స్లేవ్‌కు, అంటే కేబుల్‌పై రెండో పరికరంగా, మార్చి బిగించాను. బయాస్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్) సెట్టింగులు నిలవాలంటే సీఆర్2032 బ్యాటరీ కూడా కొత్తది వేయక తప్పలేదు.

బూట్ అవుతున్నప్పుడు తెరపై గుర్తులు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఎక్కడ ఆగిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది: బూట్ డిస్క్ గుర్తు దగ్గర ఆగితే డిస్క్ అందలేదని, చివరి రాకెట్ దాకా వచ్చి ఆగితే కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) పని ముగిసిందని అర్థం. మాది డిస్క్ గుర్తు దగ్గరే నిలిచిపోయింది. మొదట్లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో ఐడీఈ డీఎంఏను (ప్రాసెసర్‌పై భారం లేకుండా డిస్క్ నుంచి డేటాను నేరుగా మెమరీకి చేర్చే పద్ధతిని) ఆపగానే ముందుకు కదిలింది. డిస్క్ కొంత నెమ్మదించినా, ఇంత పాత హార్డ్‌వేర్‌ను గుర్తుంచుకుని ఆ వెసులుబాటును ఇప్పటికీ ఉంచినందుకు హైకూ బృందాన్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

డెస్క్‌టాప్ వచ్చాక ఇది ఇరవై ఏళ్ల నాటి యంత్రమంటే నమ్మబుద్ధి కాదు. ప్రతి విండో తన సొంత థ్రెడ్‌లో, అంటే విడి పనిగా, నడుస్తుంది కాబట్టి, ఒక పక్క పెద్ద ఫోల్డర్ కాపీ అవుతున్నా మరో పక్క టైపింగ్ తడబడదు. రాతపనికి, పాటలకు ఇది బాగా పనికొస్తుంది. హైకూతో వచ్చే వెబ్‌పాజిటివ్ బ్రౌజర్‌లో మాత్రం నేటి బరువైన సైట్లు ఈ ర్యామ్‌తో నడవవు.

నన్ను నిజంగా బాధించిన లోటు తెలుగుదే. హైకూ సొంత ఎడిటర్‌లో ‘స్త్రీ’ అని రాస్తే ఒత్తులు అక్షరం కింద చేరకుండా, పొల్లులతో విడివిడిగా నిలబడ్డాయి. ఆ ఒక్కటీ సరిచేస్తే, ఈ యంత్రాన్ని తెలుగు టైపింగ్ నేర్చుకునే మా వీధి పిల్లలకు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.