మెనోపాజ్ తర్వాత కలయికలో నొప్పి: జెల్ మేలా, ఈస్ట్రోజన్ క్రీమా?

ముట్లు ఆగాక పొడిబారి నొప్పి పుడుతోంది, మెడికల్ షాపులో దొరికే జెల్ చాలా, డాక్టరు రాసే క్రీమే కావాలా అని చాలామంది అడుగుతున్నారు. గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లే ఇందులో ఎక్కువ. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా కనిపించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది.

జెల్‌తో సుఖం ఏమిటంటే చీటీ అక్కర్లేదు, రాపిడి వెంటనే తగ్గుతుంది. నీటితో చేసినవి త్వరగా ఆరిపోతాయి, సిలికాన్‌వి ఎక్కువసేపు ఉంటాయి. సువాసనవి, వెచ్చదనం ఇస్తామనేవి కొనకండి, మంట పుడుతుంది. కొబ్బరినూనె వాడేవాళ్లూ ఉన్నారు. కండోమ్ వాడితే మాత్రం వద్దు, రబ్బరు దెబ్బతింటుంది.

అయితే జెల్ పని ఆ కాసేపటికే. ఈస్ట్రోజన్ తగ్గితే యోని లోపలి పొర పలచబడుతుంది. 4.5 లోపు ఉండాల్సిన పీహెచ్ (ఆమ్లత కొలత) 5 దాటిపోతుంది, అంటే ఆమ్లత తగ్గుతుంది, మేలు చేసే బ్యాక్టీరియా తగ్గుతుంది. మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ అందుకే. వేడి ఆవిర్లు కొన్నేళ్లకు వాటంతటవే తగ్గుతాయి గానీ ఈ పొడిబారడం తగ్గదు, పెరుగుతుంది. ఆ పొరను మళ్లీ బాగుచేసేది క్రీమే. సాధారణంగా రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు వాడమంటారు. పూర్తి గుణం కనపడటానికి మూడు నెలలు పట్టొచ్చు. పది రోజులకే లాభం లేదని ట్యూబు పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

హార్మోన్ అనగానే క్యాన్సర్ టెన్షన్. 2002లో అమెరికాలో గగ్గోలు రేపిన అధ్యయనం నోటితో వేసుకునే మాత్రల గురించి. తక్కువ మోతాదు క్రీమ్ నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు జెల్‌తో సరిపెట్టుకుని, క్రీమ్ సంగతి క్యాన్సర్ డాక్టర్‌నే అడగాలి. ముట్లు ఆగాక రక్తం కనిపిస్తే ఏదీ మొదలుపెట్టకుండా పరీక్ష చేయించుకోవాలి.

నా మొగ్గు క్రీమ్ వైపే. దానికి ఇంకో కారణం మన ఇళ్లు. పక్క గదిలో అత్తగారు, హాల్లో అర్ధరాత్రిదాకా ఎంట్రన్స్‌కు చదివే పిల్ల. దొరికిన ఆ కాస్త సమయంలో బీరువాలో జెల్ వెతుక్కుని, మొగుడి ముందు రాసుకోవడానికి ఎంతమంది సిద్ధపడతారు? నాలుగుసార్లు నొప్పి పుట్టాక శరీరం ముందే బిగుసుకుపోతుంది, ఆవిడ పిల్లల గదిలో పడుకోవడం మొదలుపెడుతుంది, ఆయనేమో ఇష్టం పోయిందనుకుంటాడు. క్రీమ్ బీపీ మాత్రలా పడుకునే ముందు ఒంటరిగా వాడుకునేది. కలయికకు ముందు రాసుకునేది కాదు. ‘ఇష్టం లేక కాదు, నొప్పి వల్ల’ అన్న ఒక్క మాటైనా ఆయనకు చెప్పాల్సిందే.

హార్మోన్ మాత్రలు, చర్మానికి అంటించే ప్యాచ్‌లు వేడి ఆవిర్లు బాగా ఉన్నవాళ్లకు. చిన్న వయసులోనే అండాశయాలు తీయించుకున్నవాళ్లు వాటి గురించి తప్పక అడగాలి. యోనికి చేసే లేజర్ చికిత్స జోలికి నేను వెళ్లను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని గురించి 2018లోనే హెచ్చరించింది.

క్రీమ్ పనిచేసేదాకా జెల్ కూడా వాడుకోవచ్చు. నొప్పి తగ్గినా కోరిక లేదంటే నిద్ర, షుగర్, థైరాయిడ్, డిప్రెషన్ మాత్రలు చూడాలి. డిప్రెషన్ మాత్రలు కొన్ని కోరికను తగ్గిస్తాయి. అలాగని సొంతంగా ఆపేయకండి, మార్చమని డాక్టర్‌ను అడగండి.