ఎడిటింగ్ కంప్యూటర్ కొంటున్నారా? ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూడండి

విజయవాడ, గుంటూరుల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, ముహూర్తాల రద్దీకి ముందే కొత్త సిస్టమ్ తీసుకుందామనుకునే తోటివారందరికీ ఈ హెచ్చరిక. కొటేషన్‌లో ‘ఐ7 ప్రాసెసర్’ అని మాత్రమే ఉంటే అడ్వాన్సు ఇవ్వకండి. చివరి అక్షరంతో సహా పూర్తి పేరు రాయించుకోండి.

గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో నేను ఇంటెల్ ఐ7 14700 ప్రాసెసర్ అడిగాను. ఎందుకు కావాలో కూడా చెప్పాను. మా కెమెరాల ఫుటేజీ హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), 10 బిట్, 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా ఉండే రకం). అది అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో తడబడకుండా నడవాలి. సరేనన్నారు. బిగించి ఇచ్చింది మాత్రం 14700ఎఫ్. బిల్లులో ‘ఐ7, 14వ తరం’ అని మాత్రమే రాశారు.

‘అదే ప్రాసెసర్ సార్, చివర ఒక్క అక్షరమే తేడా’ అన్నారు అడిగితే. మనకు ఆ అక్షరమే ముఖ్యం. ఇంటెల్ ప్రాసెసర్‌కు ‘ఎఫ్’ ఉందంటే ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని ఆటలు ఆడేవారికి దానితో పెద్దగా నష్టం లేదు. మన పని వేరు. హెచ్.265లో 4:2:2 ఫుటేజీని విప్పే ‘క్విక్ సింక్’ ఆ లోపలి గ్రాఫిక్స్‌లోనే ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో అది 11వ తరం నుంచి ఉంది. నాకు ఇచ్చిన ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 ఆ పని చేయలేదు. ఎన్విడియా కార్డుల్లో 4:2:2కు ఆ సదుపాయం 2025లో 50 సిరీస్‌తో వచ్చింది, 30, 40 సిరీస్‌లలో లేదు. దాంతో భారమంతా ప్రాసెసర్ కోర్‌ల మీదే పడుతుంది. తలంబ్రాల ఘట్టాన్ని మూడు కెమెరాలతో మల్టీకామ్‌లో (అన్ని కెమెరాల దృశ్యాలూ ఒకేసారి నడిపి ఎడిట్ చేసే పద్ధతి) పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.

ఈ మాట చెబితే ఇంకో 32 జీబీ ర్యామ్ కొనమన్నారు. ర్యామ్ పెంచితే ఈ జబ్బు తగ్గదు, దయచేసి ఆ మాట విని డబ్బు పోగొట్టుకోకండి. మార్చి ఇవ్వమంటే, బాక్సు తెరిచింది కాబట్టి కోత పెట్టి తీసుకుంటామన్నారు. అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అయినప్పుడు కోత నేనెందుకు భరించాలి? 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేశాను. మీకూ ఇలా జరిగితే బిల్లు, కొటేషన్, వాట్సాప్ సందేశాలు ఏవీ చెరిపేయకండి.

అదే దుకాణంలో ‘ప్రీమియర్ ప్రో లైఫ్‌టైమ్ లైసెన్సు’ కూడా అంటగట్టబోయారు. 2013 నుంచి అడోబీ కొత్త ప్రీమియర్ ప్రో వెర్షన్లను చందా మీదే ఇస్తోంది, జీవితకాలపు లైసెన్సు అనేదే లేదు. ఇలా అమ్మేది క్రాక్ చేసినదో, ఎవరిదో ఖాతానో అయి ఉంటుంది, ఏ రోజైనా ఆగిపోవచ్చు. పైగా కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో నేరుగా తెరుచుకోదు. సీజన్ మధ్యలో ఆగిపోతే, ఇంట్లో పాత సిస్టమ్ ఉన్నా అక్కరకు రాదు. అప్‌గ్రేడ్ చేసే ముందు ప్రతి ప్రాజెక్టు ఫైలుకూ నకలు తీసి పెట్టుకోండి.

డబ్బు మొత్తం కట్టే ముందు మీ సొంత ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి దుకాణంలోనే నడిపించి చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు కనబడుతుంది. అక్కడే గ్రాఫిక్స్ కార్డుతో పాటు ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా విడిగా కనబడాలి. ప్రాసెసర్ ఎఫ్ రకం కాకపోయినా అది కనబడకపోతే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే మూల సెట్టింగుల్లో) ఆపి ఉండవచ్చు, ఆన్ చేయమని అడగండి.

ఇప్పటికే ఎఫ్ రకం కొనేసిన వారు సిస్టమ్ మార్చాల్సిన పని లేదు. రాత్రి పడుకునే ముందు ఫుటేజీకి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్లు) తయారు కావడానికి పెట్టి, పొద్దున వాటి మీద ఎడిట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే అవుతుంది కాబట్టి నాణ్యత తగ్గదు. నేనూ ప్రస్తుతం అలాగే నెట్టుకొస్తున్నాను.